రెండు రోజుల బీదర్: ఏ వేళకు ఎక్కడుండాలి

హైదరాబాద్ నుంచి బీదర్ వెళ్లొచ్చేవాళ్లలో ఎక్కువమంది పొద్దున పదకొండింటికి కోటలో దిగుతారు. నడినెత్తిన ఎండలో గంటన్నర తిరిగి, గురుద్వారాలో భోంచేసి, చీకటి పడకముందే ఇంటిదారి పడతారు. అలా చూస్తే బీదర్‌లో పాడుబడ్డ గోడలు తప్ప ఏమీ కనిపించవు. ఈ ఊళ్లో ఒక రాత్రి ఉండాలి. ఇక్కడ ఒక కట్టడాన్ని తూర్పు వెలుగులో చూడాలి, ఒకదాన్ని పడమటి వెలుగులో చూడాలి, మరొకదాన్ని చీకటి గదిలో టార్చి వేసుకుని చూడాలి. ఏది ఏ వేళకో ముందే తెలిస్తే శని, ఆదివారాలు చక్కగా సరిపోతాయి.

దారి సులువే. ముంబై హైవే మీద సంగారెడ్డి, సదాశివపేట దాటి జహీరాబాద్ దాకా వెళ్లి, అక్కడ కుడివైపు తిరగాలి. ఆ మలుపు నుంచి బీదర్ 30 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి మొత్తం దాదాపు 140. ఊళ్లోంచి పటాన్‌చెరు దాటడానికి పట్టే సమయమే అసలు లెక్క. ఆరింటికల్లా బయల్దేరితే తొమ్మిదింటికి బీదర్‌లో టిఫిన్ చేయొచ్చు, ఎనిమిదింటికి బయల్దేరితే పొద్దుటి వెలుగు దారిలోనే పోతుంది. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండు నుంచి బస్సులున్నాయి. వికారాబాద్ మీదుగా వెళ్లే రైళ్లూ ఉన్నాయి గానీ, మీరు ఎంచుకున్న రైలు పొద్దున్నే దింపుతుందో లేదో చూసుకుని టికెట్ తీసుకోండి. భాషతో ఇబ్బంది ఉండదు. కన్నడం, దక్కనీ ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగూ వినిపించే ఊరిది. 1956లో రాష్ట్రాలు విడిపోయేదాకా జహీరాబాద్, నారాయణఖేడ్ కూడా బీదర్ జిల్లాలోనే ఉండేవి.

వెళ్లే ముందు ఒక్క విషయం తెలుసుకుంటే ఊరంతా అర్థమవుతుంది. బీదర్ సముద్రమట్టానికి 2,200 అడుగుల పైన, చదునైన లేటరైట్ గట్టు అంచున కట్టిన ఊరు. లేటరైట్ అంటే మనం మొరం అనే ఎర్రమట్టికి గట్టిపడ్డ రూపం, ఒళ్లంతా చిల్లులుండే తుప్పురంగు రాయి. నేలలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి గొడ్డలితో కూడా తెగుతుంది, గాలి తగిలేకొద్దీ బిగుసుకుంటుంది. ఈ రాయితో మందమైన గోడలు తొందరగా కట్టొచ్చు గానీ, దాని మీద సన్నని చెక్కడం నిలవదు. అందుకే బీదర్ పనివాళ్లు అందమంతా సున్నపు గచ్చులో, రంగు పలకల్లో పెట్టారు. శిల్పం కావాలనుకున్న చోటికి నల్లరాయి తెచ్చుకున్నారు. ఇంకో సంగతి, వాన నీరు ఈ చిల్లుల రాయిలోంచి కిందికి దిగి, అడుగున ఉన్న జిగటమట్టి పొర దగ్గర ఆగి, గట్టు అంచుల్లో ఊటగా బయటికొస్తుంది. గురుద్వారాలోని ఊట, నరసింహ ఝరణి గుహలోని నీళ్లు, నౌబాద్‌లో భూమి అడుగున నీళ్లు పారించడానికి తవ్విన కరేజ్ సొరంగం, అన్నీ ఆ ఒక్క పొర చలవే.

ఊరి అమరిక తేలికగా గుర్తుంటుంది. ఉత్తరాన కోట, దానికి ఆనుకుని దక్షిణంగా ఇంకో గోడ చుట్టిన పాత పట్నం. పట్నం గోడను 16వ శతాబ్దం నడుమ అప్పటి బీదర్ సుల్తాన్ అలీ బరీద్ షా కట్టించాడు. ఫతే దర్వాజా, షాగంజ్, మంగళ్‌పేట్, దుల్హన్, తల్‌ఘాట్ అని దానికి ఐదు వాకిళ్లు. వాటికింద ఇప్పటికీ ఆటోలు, మోటారు సైకిళ్లు తిరుగుతుంటాయి. పట్నం నడిబొడ్డున చౌబారా ఉంటుంది. నాలుగు వీధులు కలిసేచోట 71 అడుగుల ఎత్తున గుండ్రంగా నిలబడ్డ కాపలా బురుజు అది. పాత ఊళ్లో ఎవరిని ఏ దారి అడిగినా చౌబారా నుంచే చెబుతారు. బండి బయటే వదిలి, అక్కడి నుంచి కోట వైపు వెళ్లే వీధిలో నడవండి. తఖ్త్-ఎ-కిర్మానీ అనే గచ్చుపని వాకిలి, మహమూద్ గవాన్ మదరసా, ఆపైన కోట ద్వారం, అన్నీ వరసగా ఆ దారిలోనే వస్తాయి.

శనివారం పొద్దున మొదట మదరసాకే వెళ్లాలి. దాని ముఖం తూర్పుకు. మిగిలిన రంగు పలకలన్నీ ఆ ముఖం మీదే ఉన్నాయి. పది, పదిన్నర దాకా ఎండ వాటి మీద నేరుగా పడి నీలం, పసుపు, తెలుపు విడివిడిగా కనిపిస్తాయి. మధ్యాహ్నానికి ముఖమంతా నీడలో పడి ఆ రంగులన్నీ బూడిదరంగులో కలిసిపోతాయి. ఫొటోలు చూసి వెళ్లి నిరాశపడేవాళ్లంతా మధ్యాహ్నం వెళ్లినవాళ్లే.

ఈ మదరసా పూర్తయింది 1472లో. కట్టించిన మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గీలాన్ నుంచి వర్తకుడిగా వచ్చి, బీదర్ రాజధానిగా దక్కన్‌ను ఏలిన బహమనీ సుల్తానుల ప్రధానమంత్రి అయ్యాడు. ఖురాసాన్, సమర్కండ్ మదరసాల పద్ధతిలో మూడంతస్తులు, నడుమ పెద్ద ముంగిలి, నాలుగు వైపులా ఎత్తైన కమానులు కట్టించాడు. ముందు వైపు రెండు మినార్లుండేవి. ఇప్పుడు ఉత్తరపు చివర ఉన్న ఒక్కటే మిగిలింది, ఎత్తు దాదాపు 130 అడుగులు. ఔరంగజేబు 1657లో బీదర్‌ను పట్టుకున్నాక ఈ చదువులమ్మ ఇంట్లో గుర్రపు దళాన్ని దింపారు, మందుగుండు నిలవచేశారు. 1696లో ఆ మందు అంటుకుని రెండో మినారు, ముందుగోడలో దక్షిణపు సగం, దాని వెనక గదులు ఎగిరిపోయాయి. కట్టడానికి దక్షిణంగా నిలబడి చూస్తే ఆ తెగిన చోటు స్పష్టంగా తెలుస్తుంది. అంతస్తుల మందం, గోడ లోపలి రాతిపని కోసి చూపినట్టు బయటపడి ఉంటాయి. మినారు మొదట్లో నిలబడి పైకి చూడండి. పలకల్ని మెలికలు తిరిగే గీతలుగా పేర్చారు. ఎక్కడ పలక రాలిపోయిందో అక్కడ కింది గచ్చులో దాని అచ్చు మిగిలే ఉంది కాబట్టి, ఖాళీల్లో కూడా నమూనా చదువుకోవచ్చు.

గవాన్ చావు తెలుగు నేల మీదే జరిగింది. 1481లో సుల్తాన్ మూడో మహమ్మద్ షా కొండపల్లి దగ్గర విడిది చేసినప్పుడు, గవాన్ ముద్రతో పుట్టించిన ఒక దొంగ ఉత్తరం ఆయన ముందు పెట్టారు. ఒడిశా రాజును దండెత్తి రమ్మని గవాన్ పిలిచినట్టుగా అందులో ఉంది. విచారణ లేకుండా అక్కడికక్కడే తల తీయించారు. రాజ్యానికి ఆ దెబ్బ మానలేదు. సర్దార్లు ఒక్కొక్కరే తమ సుబాలు పట్టుకుని విడిపోయారు. తెలంగాణ సుబాలో ఉన్న సుల్తాన్ కులీ గోల్కొండలో సొంత గద్దె వేసుకున్నది ఈ క్రమంలోనే. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు బీదర్‌ను తమ ఊరి చరిత్రలో మొదటి అధ్యాయంగా చూడాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మధ్యాహ్నం ఎండ ముదిరే వేళ, నల్లటి లోహంలో వెండి పొదిగే బిద్రీ పనివాళ్ల దగ్గరికి వెళ్లాలి. చౌబారా చుట్టుపక్కల వీధుల్లో చిన్న చిన్న కార్ఖానాలున్నాయి. వెనక పని, ముందు అమ్మకం. శుక్రవారం నమాజు వేళ ఇవి మూసి ఉంటాయి, అందుకే శనివారం మేలు. కొనకపోయినా పని చూపించమని మర్యాదగా అడిగితే చూపిస్తారు. ఏం జరుగుతోందో తెలిసి చూస్తే చాలా బావుంటుంది.

పోత లోహంలో ఎక్కువ పాలు తుత్తునాగం, అంటే జింకు. అందులో రాగి కొద్దిగా కలుపుతారు, పదహారు పాళ్లకు ఒక పాలు అన్నది వాడుకలో ఉన్న లెక్క. మట్టిలో ఆముదం, గుగ్గిలం కలిపిన అచ్చులో పోసి, చల్లారాక ఆకురాయితో నున్నగా రుద్దుతారు. అప్పుడు వస్తువు వెలవెలబోయిన తెలుపులో ఉంటుంది. దాని మీద మైలుతుత్తం నీళ్లు పూస్తే పైపైన నల్లబడుతుంది. ఇది చివరికి నిలిచే నలుపు కాదు, గీత కనబడటానికే. ఆ నలుపు మీద మొనదేలిన పుల్లతో పువ్వులు, తీగలు చేత్తోనే గీస్తారు, అచ్చు వేయరు. తర్వాత చిన్న ఉలితో ఆ గీత వెంబడి గాడి తీస్తారు. గాడి అంచులు కాస్త లోపలికి వాలి ఉండటంలోనే నేర్పంతా ఉంది. వెండి తీగను గాడిలో పెట్టి సుత్తితో తట్టినప్పుడు అది పరుచుకుని ఆ వాలు కింద ఇరుక్కుంటుంది. జిగురు లేదు, అతుకు లేదు. రేకు పని అయితే పువ్వు రేక ఆకారంలో కత్తిరించిన వెండిని అలాగే దించుతారు. ఆపైన మళ్లీ ఆకురాయి పడుతుంది. ఆ దశలో వెండీ లోహమూ ఒకే తెలుపులో కలిసిపోయి, అంతసేపు చేసిన పని కంటికి ఆనదు.

చివరి మెట్టు కోట మట్టి. ఎండా వానా తగలని పాత గోడల అడుగు నుంచి తెచ్చిన మట్టిని, నవసాగరంతో కలిపి నీళ్లలో మరిగించి, వెచ్చచేసిన వస్తువుకు పట్టిస్తారు. కొద్ది క్షణాల్లో తుత్తునాగం కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం అలాగే తెల్లగా పైకి తేలుతుంది. మట్టిలోని సూరేకారం లాంటి లవణాలతో జరిగే పని ఇది. పనికొచ్చే మట్టో కాదో పాతకాపులు నాలుక మీద వేసుకుని చెబుతారు. కోటలో తిరిగేటప్పుడు మీరు మాత్రం గోడలు గోకి మట్టి తీసుకురావద్దు. ఇంట్లో అది దేనికీ పనికిరాదు, గోడకు నష్టం.

కొనేటప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కళ్లు మూసుకుని వేలి కొనతో పనిమీద నిమరండి. మంచి పనిలో వెండి ఎక్కడ మొదలైందో వేలికి తెలియకూడదు. గరుకు తగిలితే తీగ పూర్తిగా దిగలేదన్నమాట, కొన్నాళ్లకు లేస్తుంది. పై రంగు వేసిన నకిలీ అయితే అడుగున, అంచుల్లో రంగు చెదిరి ఉంటుంది. వస్తువు సైజుకు తగ్గ బరువు లేకపోయినా అనుమానించాలి. ధర వస్తువు పెద్దదా చిన్నదా అన్నదాని కన్నా, దాని మీద వెండి ఎంత పట్టింది, తీగ ఎంత సన్నం, గీత ఎంత దట్టం అన్నవాటిమీద ఆధారపడుతుంది. చిన్నదైనా దట్టమైన తీగపని ఉన్న డబ్బీ కొనుక్కోవడమే మంచిది, పలచటి పని ఉన్న పెద్ద కూజా వద్దు. తుత్తునాగం పెళుసు, కింద పడితే పగులుతుంది. బట్టల మధ్య చుట్టి తీసుకురండి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే నష్టం ఇంటికొచ్చాక జరుగుతుంది. వెండి మాసిందని చింతపండుతోనో వెండి పాలిష్‌తోనో తోముతారు, దాంతో నలుపు పోతుంది. మెత్తని గుడ్డతో తుడిచి, అప్పుడప్పుడు ఒక్క చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు. అందులో నీళ్లు పోసి పూలు పెట్టడం, తినేవి పెట్టడం చేయకూడదు. బిద్రీకి 2006లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. బీదర్‌కే చెందిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి ఈ పనికే 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

భోజనం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. జొన్నరొట్టె, గుత్తొంకాయ, పల్లీల పొడి పెట్టే ఖానావళి ఏదైనా బావుంటుంది. బిర్యానీ ఎలాగూ దొరుకుతుంది.

సాయంత్రం నాలుగింటికి ఊరికి పడమరన ఉన్న, బహమనీల తర్వాత బీదర్‌ను ఏలిన బరీద్ షాహీల సమాధుల దగ్గరికి వెళ్లండి. అలీ బరీద్ షా సమాధి 1577 నాటిది, బతికుండగానే కట్టించుకున్నాడు. మిగతా సమాధుల్లా చీకటి గది కాదు. నాలుగు వైపులా నాలుగు పెద్ద కమానులు తెరిచే ఉంటాయి, తలుపులు లేవు. పొద్దు వాలేకొద్దీ ఎండ పడమటి కమానులోంచి దూరి నడుమనున్న నున్నని నల్లరాతి గోరీ మీదికి వస్తుంది. తల పైకెత్తితే కమానుల పైన రంగు పలకల మీద ఫారసీ పద్యాలుంటాయి. చుట్టూ పార్కులో ఊళ్లోవాళ్లు నడకకు వస్తారు, పిల్లలు ఆడుకుంటారు. కూర్చోవడానికి బీదర్‌లో ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఆదివారం పొద్దున ఏడున్నరకల్లా కోటలో ఉండాలి. నాలుగు గంటలు కావాలి. లోపలిదాకా వాహనాల దారి ఉంది గానీ, కనీసం ద్వారాల దగ్గర దిగి నడవండి. ఒక ద్వారం నుంచి ఇంకో ద్వారానికి దారి తిన్నగా ఉండదు, మలుపు తిరుగుతుంది. ఏనుగును పరిగెత్తించి తలుపు గుద్దించే వీలు లేకుండా కట్టిన దారి. షర్జా దర్వాజా ముఖం మీద రెండు పులుల్ని చెక్కారు. అది దాటితే గుంబద్ దర్వాజా. రెండిటి మధ్య ఆగి, ఎవరైనా శత్రువు ఇంతవరకు వస్తే ఎన్ని వైపుల నుంచి బాణాలు, గుళ్లు పడతాయో ఒకసారి చుట్టూ చూడండి.

బీదర్ కోటలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది మహళ్లు కాదు, కందకం. ఉత్తరాన, తూర్పున గట్టు దానంతటదే నిటారుగా లోయలోకి దిగుతుంది, అక్కడ గోడ చాలు. దక్షిణాన, పడమరన నేల చదును, అటు నుంచే దండు రావాలి. అందుకే అటు లేటరైట్‌ను తొలిచి లోతుగా కందకం తీశారు. అదీ ఒకటి కాదు, దక్షిణం వైపు మూడు వరసలు. వరసకూ వరసకూ మధ్య గోడ కట్టలేదు, తొలిచేటప్పుడు రాతిని అలాగే వదిలేశారు. అంటే శత్రువు ఒక కందకం పూడ్చి దాటినా ఎదురుగా కొండరాయే నిలబడుతుంది, దాని వెనక ఇంకో కందకం. ఇన్ని చెప్పినా 1657లో కోటను కూల్చింది బయటి ఫిరంగి ఒక్కటే కాదు. ముట్టడి 27 రోజులు సాగాక, బురుజు మీద దాచిన మందుగుండుకు నిప్పంటుకుంది. కోటను కాస్తున్న సిద్దీ మర్జాన్ ఆ పేలుడులో కాలి చనిపోయాడు. ఆ తర్వాతే మొగలులు లోపలికొచ్చారు.

లోపల మొదట రంగీన్ మహల్ సంగతి చూసుకోవాలి, ఎందుకంటే దాని తలుపుకు తాళం ఉంటుంది. పురావస్తు శాఖ సిబ్బందిని, మ్యూజియం దగ్గరున్న కాపలాదారును వెళ్లిన వెంటనే అడిగితే తీసి చూపిస్తారు. మధ్యాహ్నం దాటాక అడిగితే మనిషి దొరకడు. ఇది వదిలేసి వస్తే కోట చూసినట్టు కాదు. ముందు హాల్లో చెక్కిన చెక్క స్తంభాలు, దూలాలు నిలిచే ఉన్నాయి. లోపలి గది ద్వారబంధం నిగనిగలాడే నల్లరాయి, అందులో ముత్యపుచిప్ప ముక్కలు పొదిగారు. దగ్గరికి వెళ్లి టార్చిని పక్కవాటుగా పట్టండి, ఎదురుగా కాదు. చిప్ప గులాబీ నుంచి ఆకుపచ్చకు, ఆకుపచ్చ నుంచి వెండిరంగుకు మారుతుంది. ఒక్కో ముక్క గోరంత కూడా ఉండదు, అయినా రాయికీ చిప్పకూ మధ్య సూది దూరే సందు లేదు. నల్లటి దానిలో తెల్లటిది పొదిగి చదును చేయడం, నిన్న కార్ఖానాలో చూసిన పనే. దీన్ని చేయించిన అలీ బరీద్ షా 1542 నుంచి 1580 దాకా ఏలాడు. వేలితో తాకొద్దు, చెమట పట్టి రాయి మెరుపు చెడుతుంది.

పక్కనే సోలా ఖంబా మసీదు. ఇందులోని శాసనం 1423-24 నాటిది. బహమనీ సుల్తాన్ అహ్మద్ షా వలీ గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చడానికి ముందే ఈ మసీదు నిలబడి ఉందన్నమాట. పొడవు దాదాపు 300 అడుగులు, మనిషి చేతులు చుట్టలేనంత లావు గుండ్రని స్తంభాలు. 1657లో గెలిచాక ఔరంగజేబు షాజహాన్ పేర ఖుత్బా, అంటే ఏలేవాడి పేరు చెప్పే నమాజు ప్రసంగం, చదివించింది ఇక్కడే. ఎండ వేళ కోటలో చల్లగా ఉండే చోటు ఇది, పదిన్నరకు ఇక్కడికి చేరేలా నడక చూసుకోండి.

గగన్ మహల్, తర్కష్ మహల్, దివాన్-ఎ-ఆమ్ వరసగా వస్తాయి. ఓపిక తక్కువగా ఉంటే వాటిని దాటేసి తఖ్త్ మహల్‌కు వెళ్లండి. సుల్తానుల పట్టాభిషేకాలు జరిగిన చోటు. పైకప్పు లేదు గానీ, కమాను మూలల్లో రంగు పలకల మీద పులి, దాని వెనక సూర్యుడు ఇంకా కనిపిస్తాయి. అక్కడి నుంచి బురుజుల వైపు సాగితే ఫిరంగులు ఎక్కించిన చోట్లు వస్తాయి. ముండా బురుజు మీది ఫిరంగి దగ్గర నిలబడితే కింద లోయ, పొలాలు, ఎర్ర గట్టు అంచు మొత్తం కనిపిస్తాయి. గోడ మీద రెయిలింగు ఉండదు, లేటరైట్ మెట్లు అరిగి ఏటవాలుగా ఉంటాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వాటి మీద నాచు పడుతుంది. కోట అందం ఆ నెలల్లోనే ఎక్కువ, జారేదీ అప్పుడే. రబ్బరు పట్టున్న బూట్లు వేసుకోండి. మొదటిసారి వెళ్లేవాళ్లకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచిది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లాలి, బురుజుల వైపు అమ్మేవాళ్లుండరు. మామూలు రోజుల్లో వెళ్తే తల మీద జెట్ల మోత వినిపించొచ్చు. వైమానిక దళం పైలట్లకు శిక్షణ ఇచ్చే స్థావరం ఈ ఊళ్లోనే ఉంది.

మధ్యాహ్న భోజనానికి గురుద్వారా నానక్ ఝీరా సాహెబ్. మూడు వైపులా ఎర్ర గుట్టలున్న లోతట్టులో ఉంటుంది. 16వ శతాబ్దం మొదట్లో గురు నానక్ ఇక్కడికి వచ్చినప్పుడు, మంచినీళ్లు లేవని జనం మొర పెట్టుకుంటే పావుకోడుతో రాయి జరిపి ఊట తెప్పించారని సిక్కుల నమ్మకం. ఆ నీరు ఇప్పటికీ పారుతోంది. సిక్కుల దీక్షా సంఘం ఖాల్సా పుట్టినప్పుడు మొదట ముందుకొచ్చిన ఐదుగురు ప్యారేల్లో (ప్రియమైనవాళ్లలో) ఒకరైన భాయి సాహిబ్ సింగ్ బీదర్‌వారే. తలకు గుడ్డ చుట్టుకోవాలి, కాళ్లు కడుక్కుని వెళ్లాలి. లంగర్‌లో, అంటే అక్కడి ఉచిత భోజనశాలలో, రొట్టెను రెండు చేతులతో అందుకోండి, పెట్టించుకున్నది వదలకండి.

నరసింహ ఝరణికి వెళ్లాలనుకుంటే దానికోసం సగం పూట కేటాయించాలి. మంగళ్‌పేట దగ్గర గుహ సొరంగంలో నడుము నుంచి ఛాతీ దాకా వచ్చే నీళ్లలో నడిచి స్వామిని దర్శించుకుంటారు. తెలంగాణ నుంచి వచ్చే భక్తులే చాలామంది. పైన గబ్బిలాలుంటాయి, కింద చిల్లుల రాయి పాదాలకు గుచ్చుకుంటుంది. సెల్‌ఫోను, పర్సు బయటే వదలాలి. మార్చుకోవడానికి రెండు జతల బట్టలు తెచ్చుకోండి, చీర కన్నా చుడీదార్ నయం. చిన్నపిల్లల్ని భుజాన ఎక్కించుకోవాలి. లోపల జనం ఆగిపోతే గాలి తక్కువవుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు, గుండెజబ్బు వాళ్లు ఆదివారం రద్దీలో దిగకూడదు. ఇది పెట్టుకుంటే బహమనీ సుల్తానుల సమాధులున్న అష్టూర్‌కు వేళ మిగలదు. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలంటే, మొక్కు ఉన్నవాళ్లు ఝరణికి, లేనివాళ్లు అష్టూర్‌కు వెళ్లడం సబబు.

అష్టూర్ ఊరికి తూర్పున మూడు కిలోమీటర్లు. మూడింటికి బయల్దేరండి. దారిలో కనిపించే చౌఖండి దగ్గర పది నిమిషాలు ఆగాలి. ఇరాన్ నుంచి వచ్చిన సూఫీ గురువు ఖలీలుల్లా సమాధి ఇది. బయటి గోడ ఎనిమిది పలకలుగా ఉంటుంది, పైన కప్పు లేదు, లోపల చదరపు గది. దాని నల్లరాతి ద్వారం చుట్టూ చెక్కిన అరబ్బీ అక్షరాలు ఎంత పెద్దవో, అంత పొందిగ్గా ఉంటాయి.

అష్టూర్‌లో బహమనీ సుల్తానుల సమాధులు వరసగా నిలబడ్డాయి. ఒకదాని గుమ్మటం పిడుగుపడి సగం కూలింది. అది 1461లో చనిపోయిన హుమాయూన్ షాది. ఇతణ్ని క్రూరుడని చరిత్రలో రాశారు, ఆ పిడుగు దేవుడు వేసిన శిక్షే అంటారు ఊళ్లోవాళ్లు. మనకు పనికొచ్చేది మాత్రం ఆ పగులు. అంతెత్తు గుమ్మటాన్ని ఎంత మందంతో, ఏ వరసలో పేర్చారో లోపలి నుంచి కళ్లారా చూడొచ్చు. అల్లావుద్దీన్ సమాధి ముందుగోడ మీద రంగు పలకలు మిగిలాయి.

అన్నిటికన్నా ఎక్కువసేపు గడపాల్సింది 1436లో చనిపోయిన అహ్మద్ షా వలీ సమాధిలో. బయటి నుంచి మామూలు గుమ్మటమే. లోపల అడుగుపెట్టగానే ఏమీ కనిపించదు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా రెండు మూడు నిమిషాలు ఊరికే నిలబడండి. తర్వాత ముదురు ఎరుపు, నీలం నేల మీద బంగారు రంగు అక్షరాలు, తీగలు, చక్రాలు గుమ్మటం నడినెత్తి దాకా తేలతాయి. అంగుళం కూడా ఖాళీ వదల్లేదు. కాపలాదారు ఉంటే గుమ్మం దగ్గర అద్దం పట్టి ఎండను లోపలికి తిప్పి చూపిస్తాడు. అందుకు ఎండ ఉండాలి, అందుకే మూడింటి లెక్క. మబ్బు రోజైతే మీ టార్చే దిక్కు. వెలుగు పలచగా పరుచుకునేది తెచ్చుకోండి, ఫోను టార్చి అంత ఎత్తు అందదు. ఫ్లాష్ వేసి ఫొటో తీయకూడదు.

ఈ సుల్తాన్‌ను ముస్లింలు వలీగా, అంటే పుణ్యపురుషుడిగా కొలుస్తారు, లింగాయతులు తమ గురువు అల్లమప్రభు అవతారంగా కొలుస్తారు. ఏటా జరిగే ఉత్సవం హిజ్రీ నెల ప్రకారం కాకుండా మన పంచాంగం ప్రకారం, హోలీ దాటిన ఇరవై రోజులకు వస్తుంది. ఒక జంగమయ్య శంఖం ఊదుతూ వచ్చి దాన్ని మొదలుపెడతాడు. జాతర చూడాలనుకునేవాళ్లు ఆ రోజులకు ముందే గది తీసుకోవాలి. చిత్రాల కోసం వెళ్లేవాళ్లు ఆ వారం మానుకోండి, జనంలో తలెత్తి నిలబడే చోటు దొరకదు.

ఐదింటికి అష్టూర్ నుంచి కదిలితే చీకటి పడేలోపు జహీరాబాద్ దాటి హైవే ఎక్కొచ్చు. ఆదివారం రాత్రి సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా లారీల వరస ఉంటుంది. దానికి ఇంకో గంట కలుపుకోండి.